ఆ బొమ్మలో నీకేం కనిపిస్తోంది?

పిల్లలను ఆర్ట్ మ్యూజియానికి తీసుకెళ్దామనగానే ఎవరో ఒకరు అనే మాట: ‘వాళ్లకవేం అర్థమవుతాయి?’ అలా అడిగే పెద్దలు తాము ఒక్కో బొమ్మను ఎంతసేపు చూస్తారో లెక్క చూసుకుంటే ఆ ప్రశ్న కాస్త తడబడుతుంది. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో పేరున్న చిత్రాల ముందు జనం ఎంతసేపు నిలబడుతున్నారో జెఫ్రీ స్మిత్, లీసా స్మిత్ అనే పరిశోధకులు గడియారం పెట్టుకుని చూశారు. 2001లో వచ్చిన ఆ అధ్యయనం ప్రకారం సగటు 27 సెకన్లు. అదైనా కొందరు చాలాసేపు ఆగడం వల్ల పెరిగిన సగటు; సగం సందర్భాల్లో 17 సెకన్లు కూడా దాటలేదు. షికాగోలో మళ్లీ ఇదే లెక్క తీస్తే, 2017లో వచ్చిన ఫలితం కూడా 28 సెకన్ల చిల్లరే.

పిల్లలకు ఈ తొందర పుట్టుకతో లేదు. ఏ చిత్రం గొప్పదో, దేని ముందు నిలబడి తల ఊపాలో వాళ్లకు తెలియదు. అందుకే జనమంతా మూగిన చిత్రాన్ని వదిలేసి, మూలనున్న ఏ కుక్కపిల్ల బొమ్మ దగ్గరో కూలబడతారు. పెద్దవాళ్లు చెయ్యి పట్టుకుని లాగేది సరిగ్గా అప్పుడే.

ఆమ్‌స్టర్‌డామ్‌లోని వాన్‌గో మ్యూజియంలో జరిగిన ఒక చిన్న పరిశోధన ఇక్కడ బాగా పనికొస్తుంది. 2017లో ప్రచురితమైంది. వాన్‌గో చిత్రాలు ఐదింటిని పిల్లలకూ పెద్దలకూ చూపించి, వాళ్ల చూపు ఎక్కడెక్కడ తిరుగుతోందో పరికరంతో నమోదు చేశారు. మొదట ఎవరూ ఏమీ చెప్పకుండా చూడనిచ్చారు. తర్వాత ఆ చిత్రం గురించి నాలుగు మాటలు చెప్పి మళ్లీ చూపించారు. తొలిసారి పిల్లల కళ్లు కొట్టొచ్చినట్టు కనిపించే చోట్లకే, అంటే గాఢమైన రంగులూ వెలుగునీడల తేడా బలంగా ఉన్న చోట్లకే పరుగెత్తాయి. నాలుగు మాటలు విన్నాక ఆ లాగుడు తగ్గింది. విన్నదాన్ని వెతుక్కుంటూ బొమ్మలో తిరిగాయి. పెద్దవాళ్లలో ముందుకూ తర్వాతకూ ఈ విషయంలో అంత మార్పు కనిపించలేదు. పిల్లల చూపు ఇంకా గట్టిపడలేదు, పక్కనున్న మనిషి మాటతో మారగలదు. మ్యూజియంలో పిల్లలకు దక్కే మేలంతా ఇక్కడే మొదలవుతుందని చెప్పాలి. ఆగి చూడటం, చూసినదాన్ని మాటల్లో పెట్టడం, పెట్టిన మాటకు రుజువు ఆ బొమ్మలోనే వేలు పెట్టి చూపడం. కళా చరిత్ర, చిత్రకారుల పేర్లు, శైలుల పేర్లు ఆ తర్వాత ఎప్పుడు వచ్చినా ఫరవాలేదు.

మూడు ప్రశ్నలు

ఈ పని ఎలా చేయించాలన్నది కొందరు ఏళ్ల తరబడి ఆలోచించారు. మనుషులు చిత్రాలను చూసి ఏం మాట్లాడతారో రికార్డు చేసి అధ్యయనం చేసిన అబిగెయిల్ హౌసెన్, న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో విద్యా విభాగాన్ని నడిపిన ఫిలిప్ యెనవైన్ కలిసి ఒక పద్ధతి రూపొందించారు. అందులో ఉన్నవి మూడే ప్రశ్నలు. ఈ బొమ్మలో ఏం జరుగుతోంది? ఏం చూసి అలా అనిపించింది? ఇంకా ఏం కనిపిస్తోంది?

చూడటానికి ఇంతేనా అనిపిస్తుంది. అసలు బలమంతా రెండో ప్రశ్నలో ఉంది. దాన్ని ఒక చిత్రం ముందు నిలబెట్టి చూస్తే తెలుస్తుంది.

వియన్నాలోని కున్‌స్ట్‌హిస్టోరిషెస్ మ్యూజియంలో పీటర్ బ్రూగెల్ 1560లో వేసిన ‘పిల్లల ఆటలు’ ఉంది. మీటరుకు కాస్త పైన ఎత్తు, మీటరున్నరకు పైగా వెడల్పు ఉన్న చెక్క పలక. దాని నిండా రెండు వందలకు పైగా పిల్లలు, ఎనభైకి పైగా ఆటలు. ఎడమవైపు కింది మూలన ఇద్దరమ్మాయిలు ఎముక ముక్కలతో కచ్చకాయలు ఆడుతున్నారు. ముందువైపు ఇద్దరు పుల్లలతో కొడుతూ చక్రాలు దొర్లిస్తున్నారు. కర్రకాళ్ల మీద నడిచేవాళ్లు, పీపా ఎక్కి ఊగేవాళ్లు, వంగిన వాడి వీపు మీంచి దూకేవాళ్లు, కళ్లకు గంతలు కట్టుకుని తడుముకునేవాళ్లు, తలకిందులుగా నిలబడ్డవాడు. కుడివైపు కింది మూలన ఒక పిల్ల ఇటుకను గీకి ఎర్రటి పొడి రాల్చుకుంటోంది. అది ఆమె అంగడి సరుకు.

ఈ బొమ్మ ముందు ఆరేళ్ల పిల్లాణ్ని నిలబెట్టి ‘ఏం జరుగుతోంది?’ అన్నామనుకుందాం. ఎక్కడో గుంపు మీద వేలు పెట్టి ‘కొట్టుకుంటున్నారు’ అంటాడు. ఇక్కడ ‘కాదు నాన్నా, అది ఆట’ అంటే కథ ముగిసిపోతుంది. ‘ఏం చూసి అలా అనిపించింది?’ అంటే మళ్లీ చూడాల్సి వస్తుంది. ‘వాడి జుట్టు లాగుతున్నారు.’ అవును, లాగుతున్నారు. ‘మరి వాడు ఏడుస్తున్నాడా?’ ఇంకాస్త దగ్గరికి వంగుతాడు. మొహం సరిగ్గా కనబడదు. ఆటలో లాగడమా, నిజంగా లాగడమా? పక్కనున్న అక్కకు అది ఆటలాగే ఉంది. తమ్ముడికి కాదు. ఇద్దరూ ఒకే బొమ్మను చూస్తున్నారు, ఇద్దరి దగ్గరా చూపడానికి ఏదో ఒకటి ఉంది. ఇంతలో వాళ్లలో ఒకరు, ఈ బొమ్మలో ఎవరూ నవ్వడం లేదే అని గమనించవచ్చు. నిజమే, అంతమంది పిల్లలు ఆడుతున్నా మొహాల్లో నవ్వు కోసం వెతుక్కోవాలి. బ్రూగెల్ ఎందుకలా వేశాడన్నది నాలుగు వందల అరవై ఏళ్లుగా పెద్దవాళ్లు కూడా తేల్చుకోలేని సంగతి. ఆరేళ్ల పిల్లాడు సరిగ్గా ఆ గుమ్మం ముందుకు తనంత తానుగా వచ్చి నిలబడ్డాడు.

ఆ పది నిమిషాల్లో పిల్లవాడు చేసిన పనులు చిన్నవేమీ కావు. తనకు తోచినదాన్ని చెప్పాడు, రుజువు వెతికాడు, రుజువు చాలకపోతే కాస్త వెనక్కి తగ్గాడు, ఇంకొకరి మాట విని మళ్లీ చూశాడు. తరగతి గదిలో దీన్ని నేర్పడం కష్టం, ఎందుకంటే అక్కడ దాదాపు ప్రతి ప్రశ్నకూ ఒక జవాబు టీచరు దగ్గర ముందే సిద్ధంగా ఉంటుంది. పిల్లలకు ఆ సంగతి తెలుసు. అందుకే వాళ్లు ప్రశ్నను వదిలేసి టీచరు మొహం చదువుతారు. బొమ్మ ముందు పెద్దవాళ్లకు కూడా జవాబు తెలియకపోవచ్చు, ఆ తెలియకపోవడాన్ని పిల్లలు కళ్లారా చూస్తారు.

మాటల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఇంట్లో రోజువారీ మాటలకు ‘ఎర్రది’, ‘పెద్దది’, ‘బాగుంది’ సరిపోతాయి. బొమ్మ ముందు సరిపోవు. ముదురు, లేత, అంచు, మడత, నీడ, వాలు, మసక, మెరుపు, వెలిసిపోవడం లాంటి మాటలు అవసరం కొద్దీ బయటికొస్తాయి. ఎదురుగా ఉన్న వస్తువును ఇద్దరూ చూస్తూ మాట్లాడుకున్నప్పుడు కొత్త మాట అతుక్కున్నంత గట్టిగా జాబితాలో చదివినప్పుడు అతుక్కోదు.

ఇదంతా పిల్లల ఆటే అనుకునేవాళ్లు అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయపు వైద్య విద్యార్థులను గుర్తు చేసుకోవచ్చు. రోగిని చూసి లక్షణాలు పట్టుకోవడంలో విద్యార్థులు తడబడుతున్నారని అక్కడి చర్మవైద్య నిపుణుడు అర్విన్ బ్రేవర్‌మన్ వాళ్లను యేల్ సెంటర్ ఫర్ బ్రిటిష్ ఆర్ట్‌కు పంపారు. చిత్రాల ముందు నిలబెట్టి కనిపించిందల్లా చెప్పించారు. ఆ శిక్షణ పొందినవాళ్లు తర్వాత రోగుల ఫొటోలలోని వివరాలను మెరుగ్గా పట్టుకున్నారని 2001లో అమెరికా వైద్య సంఘం పత్రికలో రాశారు. డాక్టర్లు కాబోయేవాళ్లకు పనికొచ్చిన ఆ వ్యాయామం, మూడో తరగతి పిల్లల వ్యాయామం ఒకటే.

ఫోన్‌లో చూస్తే చాలదా?

పికాసో 1937లో వేసిన ‘గెర్నికా’ దాదాపు మూడున్నర మీటర్ల ఎత్తు, ఏడు మీటర్ల 76 సెంటీమీటర్ల పొడవు. జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ వేసిన ‘మహా కెరటం’ సుమారు 26 సెంటీమీటర్లు, 38 సెంటీమీటర్లు. పెద్ద నోటుపుస్తకం తెరిచి పెట్టినంత. ఫోన్ తెర మీద రెండూ ఒకే సైజు. పడవలను మింగేలా లేచిన ఆ కెరటం నిజానికి ఒళ్లో పెట్టుకుని చూసే కాగితమని, యుద్ధంలో కూలిన గెర్నికా ఊరు మాత్రం గోడంతా పరుచుకుని ఉందని తెర చెప్పదు. గెర్నికా ముందు నిలబడ్డ పిల్ల, ఎడమవైపు బిడ్డను ఎత్తుకుని ఏడుస్తున్న తల్లి దగ్గర మొదలుపెట్టి, కుడి అంచున చేతులు పైకెత్తి అరుస్తున్న మనిషి దాకా కాళ్లతో నడవాలి. చూడటంలో ఒళ్లు కూడా పని చేస్తుంది.

షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లోని జార్జ్ స్యూరా చిత్రం, గ్రాండ్ జాట్ దీవిలో ఆదివారం మధ్యాహ్నం, దీనికి ఇంకా మంచి ఉదాహరణ. రెండు మీటర్ల ఎత్తు, మూడు మీటర్ల వెడల్పు. దగ్గరికెళ్తే రంగు చుక్కలు తప్ప మరేమీ లేదు. నాలుగడుగులు వెనక్కి వేస్తే చుక్కలు గడ్డి అవుతాయి, గొడుగులు అవుతాయి, ఒకావిడ చేతిలోని తాడుకు కట్టిన కోతి కూడా కనిపిస్తుంది. మళ్లీ ముందుకెళ్తే కోతి కరిగిపోతుంది. దూరాన్ని బట్టి కనిపించేది మారుతుందన్న సంగతిని ఇంతకంటే తేలిగ్గా, ఒక్క మాటైనా చెప్పకుండా పిల్లలకు చూపించే మార్గం దొరకడం కష్టం.

అసలు వస్తువు ముందు పిల్లలు అడిగే ప్రశ్నలు కూడా వేరు. ఇది నిజంగా ఆయన చేత్తోనే వేశాడా? రంగు ఇంత లావుగా ఎందుకుంది? ఈ పగుళ్లు ఎలా వచ్చాయి? ఈ గదిలో ఇంత చీకటిగా ఎందుకు? చివరి ప్రశ్నకు జవాబు చెప్పాలంటే వెలుతురు తగిలితే కాగితం మీది రంగులు మెల్లగా వెలిసిపోతాయని, అందుకే అలాంటి బొమ్మలను మసక వెలుగులో, కొన్నాళ్లు చూపించి మళ్లీ లోపల దాస్తారని చెప్పాలి. ‘ముట్టుకోకు’ అన్న నియమం కూడా అలాగే. ఊరికే గదిమితే అది ఇంకో ఆంక్ష. చేతి చెమట, జిడ్డు రోజుకు వేలమందివి తగిలితే ఆ రాయికి, ఆ రంగుకు ఏమవుతుందో చెప్తే, ఇంకా పుట్టని పిల్లల కోసం కూడా దీన్ని దాచి ఉంచుతున్నారని వాళ్లకు అర్థమవుతుంది. అందరిదీ అయిన ఒక వస్తువు ముందు తన చెయ్యి తానే వెనక్కి తీసుకోవడం చిన్న వయసులో నేర్చుకోదగ్గ పని.

లెక్కలు ఏమంటున్నాయి, ఏమనడం లేదు

మ్యూజియం వల్ల మేలు జరుగుతుందని నమ్మడం వేరు, రుజువు చేయడం వేరు. మ్యూజియాలకు వెళ్లే కుటుంబాల పిల్లలు మామూలుగానే పుస్తకాలు, మాటలు ఎక్కువున్న ఇళ్ల నుంచి వస్తారు. వాళ్లు బాగా రాణిస్తే ఆ ఘనత మ్యూజియానిదో ఇంటిదో చెప్పలేం.

ఈ చిక్కును విడదీసే అవకాశం అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో అనుకోకుండా దొరికింది. 2011 నవంబరులో బెంటన్‌విల్ అనే ఊళ్లో క్రిస్టల్ బ్రిడ్జెస్ మ్యూజియం తెరిచారు. ఆ చుట్టుపక్కల అంతకుముందు అంత పెద్ద ఆర్ట్ మ్యూజియం లేదు. స్కూలు పిల్లలకు ఉచిత టూర్లు ప్రకటిస్తే దరఖాస్తులు వెల్లువెత్తాయి. అందరికీ చోటు లేదు కాబట్టి ఆర్కన్సా విశ్వవిద్యాలయ పరిశోధకులు లాటరీ తీశారు. ముందు వెళ్లినవాళ్లనూ, వంతు కోసం ఆగినవాళ్లనూ పోల్చారు. దాదాపు 11,000 మంది పిల్లలు, 123 స్కూళ్లు. చీటీలో పేరు రావడమే తేడా కాబట్టి, తర్వాత కనిపించిన తేడా మ్యూజియానిదే అనుకోవచ్చు.

టూర్ గంటసేపు. చూసింది ఐదు చిత్రాలు. ఆ తర్వాత ఇరుపక్షాల పిల్లలకూ ఎప్పుడూ చూడని ఒక చిత్రాన్ని ఇచ్చి, ఇందులో ఏం జరుగుతోంది, ఏం చూసి అలా అనుకుంటున్నావు అని రాయమన్నారు. ఏ వ్యాసం ఎవరిదో తెలియనివాళ్లు దిద్దారు. వెళ్లొచ్చినవాళ్లు మెరుగ్గా రాశారు. మొత్తం మీద చూస్తే తేడా చిన్నదే, ప్రామాణిక విచలనంలో (అంటే మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలతలో) 9 శాతం. కానీ పల్లె ప్రాంతాల పిల్లలను విడిగా చూస్తే అది అదే కొలతలో మూడింట ఒక వంతుకు దగ్గరగా ఉంది. పేద పిల్లలు ఎక్కువున్న స్కూళ్లలోనూ తేడా సగటు కంటే పెద్దది. ఒక గంట, ఐదు బొమ్మలు. ఇంట్లో ఇలాంటివి ఏవీ అందని పిల్లల మీదే ఎక్కువ ప్రభావం. తీసుకెళ్లాల్సింది ముందు ఎవరినో ఈ ఒక్క లెక్క తేల్చి చెప్తోంది.

అందులోనే మరో సంగతి ఉంది. ఆ ఐదింటిలో ఒక చిత్రంలో కొందరు మేపుల్ చెట్ల నుంచి పాకం తీస్తున్నారు. అమెరికాలో బానిసత్వాన్ని వ్యతిరేకించినవాళ్లు, బానిసల చేత పండించిన చక్కెరకు బదులుగా ఆ పాకం వాడమన్నారని టూర్‌లో మాటల మధ్య వచ్చింది. నోట్సు రాయమని ఎవరూ అనలేదు, పరీక్ష ఉంటుందని చెప్పలేదు. వారాలు గడిచాక అడిగితే ఆ చిత్రం చూసిన పిల్లల్లో 88 శాతం మందికి ఆ విషయం గుర్తుంది. పాఠంలో చదివిన వాక్యం ఇంతమందికి ఇన్నాళ్లు నిలవడం అరుదు. బొమ్మ కొక్కెంలా పనిచేసింది, విషయం దానికి తగులుకుని ఉండిపోయింది.

అలాగని దీన్ని సాగదీయకూడదు. బొమ్మలు చూస్తే లెక్కల్లో మార్కులు పెరుగుతాయని చెప్పేవాళ్లు ఉన్నారు. ఎలెన్ విన్నర్, లోయిస్ హెట్‌లాండ్ అనే పరిశోధకులు అప్పటివరకు జరిగిన అధ్యయనాలన్నింటినీ వడబోసి 2000లో ఫలితం చెప్పారు: చిత్రకళ నేర్పినందువల్ల ఇతర సబ్జెక్టుల్లో మార్కులు పెరిగాయనడానికి నమ్మదగ్గ ఆధారం దొరకలేదు. కళలను ప్రేమించేవాళ్లకు ఆ మాట రుచించలేదు. కానీ అది కళకు మేలే చేసింది. లెక్కల మార్కుల కోసమైతే లెక్కలే చెప్పించవచ్చు. మ్యూజియం ఇచ్చేది మ్యూజియమే ఇస్తుంది, దానికి వేరే సబ్జెక్టు సిఫారసు అక్కర్లేదు.

కొలతలకు లొంగని సంగతి ఇంకొకటి ఉంది. దుఃఖం, భయం, చావు గురించి పిల్లలతో మాట్లాడటం పెద్దవాళ్లకు చేతకాదు, మాట మార్చేస్తారు. చిత్రకారులు మాట మార్చలేదు. బిడ్డ శవాన్ని హత్తుకున్న తల్లిని కేథె కోల్‌విట్జ్ గీసింది. నోరు తెరిచి చెవులు మూసుకున్న మనిషిని మంక్ వేశాడు. ఆ మనిషికి ఎందుకంత భయం అని అడిగినప్పుడు పిల్లలు చెప్పే జవాబు చాలాసార్లు తమ భయం గురించే. అది బొమ్మలోని మనిషి పేరు మీద చెప్తున్నారు కాబట్టి నోరు విప్పగలుగుతారు. అప్పుడు వినేవాళ్లు సరిదిద్దకుండా వింటే చాలు.

చెడగొట్టే తీరు

మ్యూజియం అంటే పిల్లలకు విసుగు పుట్టించడం కూడా సులువే. డబ్బిచ్చి వచ్చాం కాబట్టి అన్ని గదులూ చూడాల్సిందే అని పట్టుబట్టడం అందులో మొదటిది. మ్యూజియం అలసట అన్నది కొత్త ఫిర్యాదు కాదు. బోస్టన్ మ్యూజియంలో పనిచేసిన బెంజమిన్ గిల్మన్ 1916లోనే, అద్దాల పెట్టెల్లోని వస్తువులను చూడటానికి పెద్దమనిషి ఎలా వంగి, మోకాళ్లు మడిచి అవస్థ పడుతున్నాడో ఫొటోలు తీసి మరీ చూపించాడు. పిల్లల పరిస్థితి ఇంకా కష్టం. సాధారణంగా చిత్రం నడిమి భాగం నేల నుంచి దాదాపు మీటరున్నర ఎత్తున ఉండేలా వేలాడదీస్తారు, అది నిలబడ్డ పెద్దవాళ్ల కంటి మట్టం. ఆరేళ్ల పిల్లల కళ్లు అంతకంటే చాలా కింద ఉంటాయి. ఒకసారి వాళ్ల పక్కన గొంతుకూర్చుని పైకి చూస్తే, అద్దం మీద పడే దీపపు వెలుగు తప్ప బొమ్మ సరిగ్గా కనిపించని సందర్భాలు ఎన్నో తెలుస్తాయి. ఎత్తుకోవడమో, రెండడుగులు వెనక్కి జరపడమో చేస్తే సరిపోయేదానికి ‘సరిగ్గా చూడు’ అని కసురుతుంటాం.

రెండోది ఫోన్. లిండా హెంకెల్ 2014లో ప్రచురించిన ప్రయోగంలో, ఫొటో తీసిన వస్తువుల కంటే ఊరికే చూసిన వస్తువులే సందర్శకులకు బాగా గుర్తున్నాయి. కెమెరా చూసిందిలే అని మనసు వదిలేస్తుంది. ఆసక్తికరమైన సంగతేమిటంటే, వస్తువులో ఒక భాగాన్ని మాత్రమే దగ్గరగా తీసినవాళ్లకు ఆ నష్టం కలగలేదు, ఏ భాగమో ఎంచుకోవడానికి వాళ్లు చూడాల్సి వచ్చింది. కాబట్టి ఫోన్ పూర్తిగా మానెయ్యనక్కర్లేదు. ‘ఈ బొమ్మలో నీకు నచ్చిన ఒక్క చెయ్యి, ఒక్క చెప్పు, ఒక్క ఆకు తియ్యి’ అంటే చాలు. పెన్సిలూ కాగితమూ ఇంకా మంచివి; అయితే గ్యాలరీలో పెన్సిల్ తప్ప రంగులూ పెన్నులూ సాధారణంగా అనుమతించరు, ముందే చెప్పి తీసుకెళ్లాలి.

ఇక ఎన్ని చూడాలంటే, క్రిస్టల్ బ్రిడ్జెస్ టూర్‌లో ఐదు. ఇంకా చిన్నవాళ్లకు మూడు చాలు. వాటిలో ఒకటైనా పిల్లలు ఎంచుకున్నదై ఉండాలి, అది ఎవరికీ తెలియని చిత్రమైనా సరే. మధ్యలో కూర్చోవాలి, నీళ్లు తాగాలి, అలిసిపోకముందే బయటికి రావాలి. పారిస్ లూవ్ర్ మ్యూజియంలో, ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్‌మ్యూజియంలో 18 ఏళ్ల లోపువాళ్లకు టికెట్ లేదు. బ్రిటన్ జాతీయ మ్యూజియాల శాశ్వత ప్రదర్శనలు 2001 డిసెంబరు నుంచి అందరికీ ఉచితం. ఇలాంటి ఏర్పాటు ఉన్నచోట పెద్ద లాభం డబ్బు మిగలడం కాదు, అరగంట చూసి నిశ్చింతగా వెళ్లిపోగలగడం. పిల్లలకు సాంస్కృతిక జీవితంలో, కళల్లో పాలుపంచుకునే హక్కుందని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం చెప్తోంది. ఆ హక్కు కాగితం దాటాలంటే తలుపు దగ్గర టికెట్ అడ్డుపడకూడదు.

బయటికొచ్చాక ఒక పని మిగిలి ఉంటుంది. ఆ రోజు రాలేని అమ్మమ్మకో, స్నేహితుడికో ఒక్క బొమ్మ గురించి పిల్లలను చెప్పనివ్వాలి, ఫొటో చూపించకుండా. ‘ఒక పిల్ల ఇటుక గీకుతోంది.’ ఎందుకు? ‘దుకాణం పెట్టుకుంది.’ ఏ రంగు గౌను? అక్కడ మాట ఆగుతుంది. చూశాం కానీ గుర్తులేదు. ఈసారి వెళ్లినప్పుడు నేరుగా ఆ కుడివైపు మూలకే నడుస్తారు.